గీతకు ఒక వేలు కింద

జూన్ పదిహేడు, మంగళవారం. ఆ పొద్దున వెన్న రాసిన రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు తిన్నాను. గుడ్డు మరీ ఎక్కువ ఉడికి, పచ్చసొన చుట్టూ బూడిదరంగు అంచు కట్టింది. ఇంత చిన్న సంగతి ఇంకా గుర్తుందంటే, ఆ గుడ్డును చూస్తూ ఉండగానే ఫోను మోగింది.

“సార్, సర్వీస్ సెంటర్ నుంచి. మీ కారు ఇంజన్ హెడ్డు విప్పాల్సి వస్తుంది సార్.”

నిన్న కారు అప్పగించినప్పుడు టై సవరించుకుంటూ మాట్లాడిన కుర్రాడే. మర్యాదస్తుడు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు గొంతు ఇంకాస్త మెత్తబడింది.

“ఎందుకు బాబూ?”

“మీరు ఇచ్చిన చార్టు చూశాం సార్. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ వారం వారం ఒక గ్లాసు పోస్తున్నారు. మూడేళ్లుగా. బయట ఎక్కడా కారిన మరక లేదు. బయటికి పోకపోతే లోపలికే పోతున్నట్టు కదా సార్. దాన్ని ఆపే హెడ్డు గ్యాస్కెట్టే పోయింది.”

తర్వాత ఖర్చు చెప్పాడు. నా పింఛను ఏడు నెలలు తిండీ నీళ్లూ లేకుండా దాచిపెడితే వచ్చే మొత్తం అది. గుడ్డు మిగతా సగం తినలేదు.

ఆ చార్టు గురించి చెప్పాలి.

నా భార్య నర్సు. ఇరవై తొమ్మిదేళ్లు వార్డుల్లో పనిచేసింది. పన్నెండేళ్ల కిందట ఈ కారు కొన్నది నిజానికి ఆమే. నేను తాళం చెవి అందుకున్నానంతే. ఒక పెద్ద కంపెనీ అధికారి నాలుగేళ్లు వాడి వదిలేసిన ముదురు నీలం కారు. కొత్త ధరలో మూడో వంతుకు వచ్చింది. తోలు సీట్లు, తలుపు వేస్తే దిండు మీద చెయ్యి పెట్టినట్టు మెత్తటి చప్పుడు. “పడాల్సిన ధరంతా ఆయన దగ్గరే పడిపోయిందండీ. ఇక పడ్డానికేముంది?” అని ఆమె లెక్క.

“కారు ధర పడుతుందక్కా, విడిభాగాల ధర పడదు” అన్నాడు ఆమె తమ్ముడు. వాడికి ఫర్నిచర్ దుకాణం. మూడేళ్లకోసారి కొత్త కారు మారుస్తాడు. ముదురు నీలం బండిని చుట్టూ తిరిగి చూసి, “నీలి రంగు తెల్ల ఏనుగు” అని పేరు పెట్టి పోయాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. రెండో ఏడు ఒక పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి కారు ముందు భాగం నేలకు ఆనుకుని కూర్చుని ఉంది. దాన్ని పైకెత్తి నిలిపే గాలి తిత్తులు చిరిగిపోయాయి. “పాపం, లేవలేకపోతోంది” అంది మా ఆవిడ, రోగిని చూసినట్టు నుదుటి మీద, అంటే బానెట్ మీద, చెయ్యి వేసి. ఆ వైద్యానికి మా ఇద్దరి నెల జీతాలూ పోయాయి. మూడో ఏడు గేర్ల పెట్టె మొరాయించింది. ఆ వేసవిలో మేము ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లడానికి దాచిన డబ్బు, తీసుకెళ్లాల్సిన కారు, రెండూ మెకానిక్ దగ్గరే ఉన్నాయి.

అప్పుడు మొదలుపెట్టింది ఆమె ఆ చార్టు. ఆసుపత్రిలో మంచం కాళ్ల దగ్గర వేలాడే కాగితం లాంటిదే, అట్ట క్లిప్పుతో సహా. పైన “బెడ్ నంబర్ 1” అని రాసింది. ఆదివారం ఆదివారం పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆయిలు ఎంత, కూలెంట్ ఎంత, టైర్ల గాలి ఎంత. రెండు గడులు: పోసింది, పోయింది. ఫిర్యాదు అని ఒక గడి, చికిత్స అని ఒకటి. కారు కింద ఒక అట్టముక్క పరిచేది. పొద్దున దాని మీద చుక్క పడిందా లేదా చూడటం ఆమెకు కాఫీ కంటే ముందు పని. చుక్క లేకపోతే, “రాత్రంతా హాయిగా నిద్రపోయింది” అనేది. ప్రతి నెలా, కారు చెడినా చెడకపోయినా, బిస్కెట్ డబ్బాలో కొంత వేసేది. తర్వాత వచ్చిన చిన్నాచితకా రోగాలన్నిటికీ ఆ డబ్బాయే సరిపోయింది.

చివరి ఏడాది ఆ కారులోనే ఆమెను వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లేవాడిని. ఆ రోడ్డు నిండా గుంతలు. మందు ఎక్కించాక తిరిగి వచ్చేటప్పుడు ఆటోలోనో, తమ్ముడి కొత్త కారులోనో అయితే ప్రతి గుంతకీ పళ్లు బిగించేది. ఇందులో నిద్రపోయేది. ఇంటి ముందు ఆపి, ఆమె లేచేదాకా ఇంజన్ ఆపకుండా కూర్చున్న మధ్యాహ్నాలు నాకు లెక్కలేవు. నా జీవితంలో అంత మంచి మధ్యాహ్నాలు ఆ ఏడే గడిచాయంటే ఎవరూ నమ్మరు.

ఆసుపత్రి మంచం మీద నుంచి ఆమె ఒక మాట చెప్పింది. “ఆదివారం దానికి నీళ్లు చూడండి. ఎండనివ్వకండి.”

ఎండనివ్వలేదు. మూడేళ్లలో ఊళ్లో ఉండగా ఒక్క ఆదివారం తప్పలేదు. వారం వారం కూలెంట్ డబ్బా మూత తీసి, మెడదాకా నిండేట్టు ఒక గ్లాసు పోశాను. పోసింది: ఒక గ్లాసు. పోయింది: ఒక గ్లాసు. ఆమె గడుల్లో నా చేతిరాత. నిన్న ఆ చార్టునే గొప్పగా సర్వీస్ సెంటర్ కుర్రాడి చేతిలో పెట్టాను. మామూలుగా మా మెకానిక్కే చూస్తాడు, కానీ ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయి ఇంట్లో పడుకున్నాడు. నా చేత్తో నేనే సాక్ష్యం రాసి, నా బండికి నేనే శిక్ష వేయించినట్టయింది.

ఆ సాయంత్రం కారు తెచ్చి షెడ్డులో పెట్టేసరికి మా అమ్మాయి, బావమరిది ముందు గదిలో ఉన్నారు. అమ్మాయి నాలుగిళ్ల అవతల ఉంటుంది, మందుల దుకాణం నడుపుతుంది. కబురు దానికి నేనే చెప్పాను, బావమరిదికి అది చెప్పింది.

“బావా, ఇవాళ్టి కబురు ఇవాళే తేల్చేద్దాం” అన్నాడు వాడు. “పాత కార్లు విప్పి విడిభాగాలు అమ్మేవాడొకడు నాకు తెలుసు. ఫోన్ చేశా. ఇంజన్ పోయినా పర్లేదంటున్నాడు. తలుపులు, సీట్లు, అద్దాలు, లైట్లు చాలంట. ఒకటో తారీఖు వస్తాడు.”

“తలుపులా?”

“తలుపులే. వీటికి గిరాకీ ఎక్కువంట.”

ఆ మెత్తటి చప్పుడు ఎవరిదో వేరే బండికి బిగిస్తారన్న మాట.

అమ్మాయి నా పక్కకు వచ్చి కూర్చుంది. “నాన్నా, నాకూ ఇష్టమే అది. కానీ నెల నెలా ఒంటరిగా కొండ రోడ్డెక్కి ఆ రిజర్వాయర్ దాకా పోతారు. మధ్యలో ఇంజన్ పట్టేస్తే? ఫోను కూడా పలకదక్కడ. ఆ రోజు నేను దుకాణంలో కూర్చుని ఎన్నిసార్లు గడియారం చూస్తానో మీకు తెలీదు.”

“తెలీదు” అన్నాను నిజాయితీగా.

“ఇచ్చేద్దాం నాన్నా.”

దాని కళ్లలో వాళ్లమ్మ ఉంది. నేను తల ఊపాను. మాట ఇచ్చేశాను.

“హమ్మయ్య!” అన్నాడు బావమరిది. “నాలాగా మూడేళ్లకోసారి మార్చి పారేస్తే ఈ బాధ ఉండదు. నేనెప్పుడైనా మెకానిక్ మొహం చూశానా?”

“మెకానిక్ మొహం చూడవు మామయ్యా, కార్లు అమ్మేవాడి మొహం చూస్తావు” అంది అమ్మాయి. “వాడింకా ఖరీదు.”

“చూశావా బావా! నీ వైపు మాట్లాడుతోందా, నా వైపా?”

“ఎవరి వైపూ కాదు. నాకు లెక్కలొచ్చు, అంతే” అని లేచి టీ కప్పులు తీసుకెళ్లింది అమ్మాయి.

వాళ్లు వెళ్లాక చార్టు కాగితాలన్నీ బల్ల మీద పరిచాను. కారుతో పాటు ఇచ్చేద్దామనుకున్నాను. రోగిని వేరే ఆసుపత్రికి పంపేటప్పుడు కాగితాలు వెంట పంపాలి కదా. తొమ్మిదేళ్ల కాగితాలు. ఆమె రాసిన ఆరేళ్ల కాగితాల్లో కూలెంట్ దగ్గర, డబ్బా మీది పై గీతను చూసి, ప్రతి ఆదివారం ఒకటే మాట: “గీతకు ఒక వేలు కింద. పోసింది: ఏమీ లేదు.” ఎప్పుడో ఆరు నెలలకోసారి “అర గ్లాసు.” ఆ తర్వాత నా చేతిరాత. ఒక గ్లాసు, ఒక గ్లాసు, ఒక గ్లాసు. ఆమె పోయిన వారం నుంచే రోగం మొదలైనట్టుంది. కారుకు కూడా దిగులు పట్టుకుందేమో అనుకుని, నా ఊహకు నేనే నవ్వుకున్నాను.

అప్పుడు కిందటి డిసెంబరు కాగితం దగ్గర నా వేలు ఆగింది.

ఆ నెలంతా నేను ఊళ్లో లేను, మా అక్కకు తుంటి ఎముక విరిగితే రైల్లో వెళ్లి నాలుగు వారాలు ఉండి వచ్చాను. కారు అమ్మాయి వాడింది, రోజూ దుకాణానికీ ఇంటికీ. కూలెంట్ చూడాలన్న ఆలోచన దానికి రాదు. తిరిగొచ్చిన ఆదివారం నేను రాసుకున్నది: “పోసింది: ఒక గ్లాసు.”

నాలుగు వారాలకు ఒక గ్లాసు!

వారానికో గ్లాసు కారే బండి, రోజూ తిరిగితే, నాలుగు వారాల్లో నాలుగు గ్లాసులు కారాలి. లేదా ఎండిపోయి రోడ్డు మీద నిలబడిపోవాలి. అంతకు ముందు కాగితాలు వెనక్కి తిప్పాను. నేను రెండుసార్లు కొండెక్కిన వారం: ఒక గ్లాసు. కూరగాయలకు తప్ప బండి కదలని వారం: ఒక గ్లాసు. ఏ కన్నమూ ఇంత క్రమశిక్షణగా కారదు.

ఈ మాట నాకంటే బాగా తెలియాల్సిన మనిషి మా ఊళ్లో లేడు. నేను నీటి సరఫరా శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసిన పని పోయిన నీళ్లను వెతకడమే. ఎక్కడ ఎంత వదిలామో, ఎంత చేరిందో, మధ్యలో ఎక్కడ మాయమైందో. కొత్తగా చేరిన వాళ్లకు మొదటి రోజు నేను చెప్పే మొదటి పాఠం ఒకటుంది. ట్యాంకు కారుతోందని అనుమానం వస్తే ముందు వచ్చే గొట్టం కట్టెయ్యండి. మట్టానికి ఒక గీత గియ్యండి. చేతులు కట్టుకుని కూర్చోండి. నింపుతూ ఉన్నంతకాలం కారేదెంతో పొర్లేదెంతో ఎవడూ చెప్పలేడు.

కొన్ని వందల మందికి చెప్పాను ఆ మాట. నా షెడ్డులో నేను మూడేళ్లు నింపుతూనే ఉన్నాను.

మెడదాకా నింపిన నీళ్లు వేడెక్కితే ఏం చేస్తాయి? ఉబ్బుతాయి. చోటు చాలక మూత పక్క గొట్టం గుండా బయటికి పోతాయి. చల్లారాక గీత దగ్గర ఆగుతాయి. నేను వచ్చి, అయ్యో తగ్గిందని మళ్లీ మెడదాకా పోస్తాను. మా ఆవిడ ఎండనివ్వొద్దంది కానీ, ముంచెయ్యమనలేదు.

బుధవారం పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తాను. ఆమె పెట్టెలో తెల్లటి అతుకు టేపు ఇంకా ఉంది. సెలైన్ సీసాల మీద గంటగంటకీ ఎంత దిగిందో గుర్తు పెట్టడానికి నర్సులు అంటిస్తారే, అలాంటిది. ఒక ముక్క చింపి కూలెంట్ డబ్బా మీద నిలువుగా అంటించి, మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, తారీఖు వేశాను.

తర్వాత అమ్మాయి దుకాణానికి వెళ్లాను. చెప్పాలి. దానికి చెప్పకుండా చేస్తే ఇచ్చిన మాటకు అర్థం లేదు.

అది కాగితం చూసింది. డిసెంబరు దగ్గర దాని వేలూ ఆగింది. “అంటే... నేను నీళ్లు పొయ్యకపోవడం వల్ల తెలిసిందా?”

“నీ అశ్రద్ధకు మొక్కాలి తల్లీ.”

నవ్వలేదు. “ఒకవేళ మీ లెక్క తప్పైతే?”

“ఒకటో తారీఖు వాడొస్తాడు. తీసుకెళ్తాడు. నేను నోరెత్తను.”

“తప్పైతే ఈలోపు ఇంజన్ కాలిపోతుంది నాన్నా. మీరు లోపలుంటారు.”

“ఊళ్లోనే నడుపుతాను. వేడి చూపించే ముల్లు సగం దాటితే అక్కడికక్కడే ఆపేస్తాను. ఆదివారం కొండెక్కుతాను. నువ్వు పక్కన కూర్చో.”

ఎవరో దగ్గు మందు అడిగితే ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, అప్పుడంది. “ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం. ఈలోపు పది రోజులు రోజూ ఫోటో పంపండి, టేపు కనిపించేట్టు. నీళ్లు మాత్రం ఒక్క చుక్క పొయ్యకూడదు.”

ఒక్క చుక్క పొయ్యకుండా ఉండటం అంత కష్టమని నాకు తెలియదు. మొదటి ఆదివారం అలవాటుగా గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. మూత మీద చెయ్యి కూడా వేశాను. ఇంట్లో ఉండి కూడా ఆమె చెప్పిన పని చెయ్యని మొదటి ఆదివారం అది. కాసేపు అలాగే నిలబడి, గ్లాసు తీసుకెళ్లి కుండీలో మొక్క దగ్గర పెట్టి, మామూలు నీళ్లు తెచ్చి మొక్కకు పోశాను. ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదా చెయ్యి.

మట్టం గీత మీంచి కదల్లేదు. సోమవారం కదల్లేదు. మంగళ, బుధ కదల్లేదు. అమ్మాయి నుంచి ఫోటోలకు జవాబుగా మొదట్లో “చూశాను” అని వచ్చేది. గురువారానికి “ఊఁ” అని వచ్చింది. దాని భాషలో “ఊఁ” చాలా పెద్ద మాట.

గురువారమే మా మెకానిక్ నల్ల కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. ఆపరేషన్ అయిన కంటికి వెలుతురు పడటం లేదు. విషయం విని ఒక్క మాట అన్నాడు. “పళ్లెం విప్పుదాం.”

ఇలాంటి ఖరీదైన బండ్లకు ఇంజన్ కింద ఒక పెద్ద ప్లాస్టిక్ పళ్లెం ఉంటుంది. ఏది కారినా అందులోనే పడి ఎండిపోతుంది, నేలకు చేరదు. మా అట్టముక్క మూడేళ్లుగా పొడిగా ఉండటానికి కారణం అదీ. విప్పి తీసి ఎండలో పెట్టాడు. పొర్లే గొట్టం కింద, సరిగ్గా ఒకేచోట, గులాబీ రంగు పెచ్చు కట్టి ఉంది. అరచెయ్యంత. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడింది. నా మూడేళ్ల ఆదివారాలు.

ఆయన పీడనం చూసే పంపు బిగించి గాలి కొట్టాడు. పదిహేను నిమిషాలు ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాం. కదల్లేదు. కళ్లజోడు పైకెత్తి, నీరు కారే కళ్లతో నన్ను చూసి, “ఇంజన్‌కేం రోగం లేదండి. పోసేవాళ్లకే” అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. పళ్లెం కడిగి మళ్లీ బిగించి పోయాడు.

ఆదివారం కొండ ప్రయాణానికి బావమరిది కూడా తయారయ్యాడు. “సాక్షి కావాలిగా” అన్నాడు. చేతిలో రెండు పెద్ద నీళ్ల సీసాలు.

“తాగడానికా?” అడిగింది అమ్మాయి.

“ఇంజన్ మీద పోయడానికి. పొగొస్తే.”

“వెనక సీట్లో కూర్చో మామయ్యా. పొగ నీ దాకా ఆలస్యంగా వస్తుంది.”

ఎండ మండిపోతోంది. ఊరు దాటి కొండ మొదలయ్యేసరికి ముందర ఇసుక లారీ. దాని వెనక నడక వేగంతో, మొదటి గేరులో, ఎనిమిది మలుపులు. ఏ ఇంజన్‌కైనా ఇంతకంటే కష్టకాలం ఉండదు. అమ్మాయి రోడ్డు చూడటం మానేసి ముల్లునే చూస్తోంది. వెనక నుంచి తల ముందుకు పెట్టి బావమరిదీ అదే చూస్తున్నాడు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. కారులో చల్లగానే ఉంది, చెమట పట్టింది నాకే.

“బావా, ముల్లు పనిచేస్తోందా అసలు?”

“చేస్తోంది.”

“అతికించలేదు కదా, ఆ తెల్ల టేపుతో?”

అమ్మాయి ఫక్కున నవ్వింది. పది రోజుల్లో మొదటి నవ్వు. అప్పుడే లారీ పక్కకు తప్పుకుంది. నేను కాలు నొక్కాను. పదహారేళ్ల బండి గొంతు పెంచకుండా, ఎవరో వెనక నుంచి అరచెయ్యి ఆనించి తోసినట్టు, మమ్మల్ని సీట్లకు అదిమి కొండెక్కింది. ఆ మలుపులో నీళ్ల సీసా ఒకటి బావమరిది ఒళ్లో ఒలికింది.

“పొర్లింది!” అన్నాను.

ముల్లు సగం దగ్గర, రాయిలా.

పైన రిజర్వాయర్ గట్టు మీద చెట్టు నీడలో బండి ఆపాం. చల్లారేదాకా మూడు గంటలు కాచుకోవాలి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మట్టం కొలిచిన రాతి కొలబద్ద ఇంకా అక్కడే ఉంది. మా ఆవిడ సెలవు దొరికినప్పుడు నాతో వచ్చి ఆ గట్టు మీదే కూర్చునేది. నెల నెలా ఎందుకొస్తానో అమ్మాయి ఎప్పుడూ అడగలేదు. ఆ రోజూ అడగలేదు. పక్కన కూర్చుని, కాళ్లు వేలాడేసింది.

“మామయ్యా, నీ నాలుగు కార్లూ కొన్న ధరలు గుర్తున్నాయా?” అని మొదలుపెట్టింది కాసేపటికి.

“ఎందుకమ్మా ఇప్పుడు?” తడిసిన ప్యాంటు ఎండలో ఆరబెట్టుకుంటున్నాడు వాడు.

“ఊరికే. మూడు గంటలు గడవాలిగా.”

చార్టు వెనక వైపు పెన్నుతో రాసింది. ఇటువైపు మా కారు కొన్న ధర, గాలి తిత్తులు, గేర్ల పెట్టె, టైర్లు, పెట్రోలు ఎక్కువ తాగినందుకు తేడా, అన్నీ. ఏదీ దాచలేదు. మొత్తం చూసి నాకే కళ్లు తిరిగాయి. ఈ కారు చవక అని నేనెప్పుడూ అనలేదు, ఎవరైనా అంటే నమ్మకండి. అటువైపు నాలుగు కొత్త కార్లు, కొన్నదానికీ అమ్మినదానికీ మధ్య తేడా మాత్రమే. రెండు మొత్తాల కిందా గీతలు కొట్టి కాగితం వాళ్ల మామయ్య ముందు పెట్టింది.

వాడు చదివాడు. మళ్లీ చదివాడు. “ఇందులో... సగం కంటే తక్కువా మీది?”

“సగం కంటే కొంచెం తక్కువ.”

“ఈ కాగితం మీ అత్తయ్యకు చూపించకు” అన్నాడు. కాగితం మడిచి తిరిగిచ్చి, “అక్క అప్పుడే చెప్పింది. పడాల్సింది పడిపోయిందని” అని నీళ్ల వైపు తిరిగాడు.

మూడు గంటలైంది. ముగ్గురం బానెట్ చుట్టూ నిలబడ్డాం. నేను ఎత్తబోతే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “నేను చూస్తాను నాన్నా.”

ఎత్తింది. వంగింది. డబ్బా మీద వేలు ఆనించి, టేపు మీది గీత దగ్గర ఆపింది. మట్టం గీత మీదే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత ఆ వేలు కాస్త పైకి జరిపి, డబ్బా మీద కంపెనీ వేసిన పై గీతకు ఆనించి చూసింది.

“గీతకు ఒక వేలు కింద” అంది. వాళ్లమ్మ చార్టు అది ఎప్పుడూ చదవలేదు. వేలు మాత్రం వాళ్లమ్మ వేలే.

దిగేటప్పుడు నన్ను నడపనివ్వలేదు. కొండ దిగినంతసేపూ అదే నడిపింది, కిటికీ దించి, మోచెయ్యి బయటపెట్టి. వెనక నుంచి బావమరిది గురక. గుంతలు వాడికి తెలియలేదు.

మంగళవారం, ఒకటో తారీఖు, విడిభాగాల ఆసామి వచ్చాడు. పని ముట్ల సంచీతో సహా. మాట ఇచ్చినవాళ్లం కనక కాఫీ ఇచ్చి, బండి చూపించాం. ఇంజన్ వెయ్యమన్నాడు. వేశాను. బానెట్ అంచు మీద కాఫీ గ్లాసు పెట్టి చూశాడు. గ్లాసులో కాఫీ వణకలేదు.

“దీన్ని విప్పమన్నారా నన్ను?” అని నా మొహం, బావమరిది మొహం మార్చి మార్చి చూశాడు. “నేను పాతికేళ్లుగా చచ్చిన బండ్లు కొంటున్నానండీ. బతికినదాన్ని విప్పే పని నాకు రాదు. ఇదెవరు చూసుకుంటారు?”

“మా ఆవిడ” అన్నాను. తర్వాత సరిచేసుకుని, “ఇప్పుడు నేను” అన్నాను.

“అమ్మేటప్పుడు మాత్రం నాకే చెప్పండి. నేను విప్పను, వాడుకుంటా.”

“క్యూలో నేనున్నా” అంది అమ్మాయి. “నా వెనక మామయ్య.”

“నేనెప్పుడన్నాను?” అన్నాడు బావమరిది. కానీ కాదనలేదు. ఆసామిని బస్టాండుదాకా దింపి రావాలని తాళం చెవి తనే అడిగి తీసుకున్నాడు. పావుగంట దారి. గంటంబావుకు తిరిగొచ్చాడు.

సర్వీస్ సెంటర్ కుర్రాడికి కూడా ఫోన్ చేసి చెప్పాను. తప్పు నాదేనని, మెడదాకా పోసింది నేనేనని. టేపు అంటించి ఎలా తేల్చుకున్నానో కూడా చెప్పాను. తర్వాత, “సార్, ఆ టేపు సంగతి మా వాళ్లకు చెప్పొచ్చా?” అని అడిగాడు. నిక్షేపంగా చెప్పమన్నాను. అతడు నాకు నచ్చాడు.

రాత్రి భోజనమయ్యాక షెడ్డులోకి వెళ్లాను. అట్టముక్క పాతది తీసేసి కొత్తది పరిచాను. కూలెంట్ డబ్బా మీది టేపు అలాగే ఉంచాను. చార్టులో తారీఖు వేసి, పోసింది దగ్గర “ఏమీ లేదు” అని రాశాను. పోయింది దగ్గరా అదే రాశాను. ఫిర్యాదు గడి ఖాళీగా వదిలి, చికిత్స గడిలో చాలాసేపు పెన్ను ఆనించి, చివరికి “విశ్రాంతి” అని రాశాను. నాకో దానికో తేల్చుకోలేదు.

కారు లోపల ఎక్కడో చల్లారుతున్న లోహం టిక్కుమంది. దీపం ఆర్పాను. షెడ్డు తలుపు బందులు కిర్రుమంటాయి. రాత్రి డ్యూటీలో వార్డు తలుపు వేసేటప్పుడు మా ఆవిడ చేసే పద్ధతి ఒకటుంది, గడియ పట్టుకుని తలుపును కొద్దిగా పైకెత్తి, ఆ బరువు తన చేతి మీదే ఉంచుకుని దగ్గరికి లాగడం. అలాగే ఎత్తి, అలాగే లాగి, చప్పుడు కాకుండా వేశాను.